మన మడత చాకుల సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఆరుసార్లు కలిశాం. నాలుగుసార్లు నల్లగొండలో, రెండుసార్లు మహబూబ్‌నగర్‌లో. జమాఖర్చులు కోశాధికారి చదువుతారు కాబట్టి నేను ఆ జోలికి పోను. కొత్తగా చేరినవాళ్లంతా అడిగేది ఒకటే: "ముందు ఏ చాకులు కొనాలె?" దీనికి ఒక జాబితా తయారు చేయమని పోయినేడు మీరే తీర్మానించారు. చేశాం. కొట్లాడుకుని చేశాం. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం దానికే పోతుంది.

జేబులో పట్టాలి, చేత్తో తెరవాలి, పాత పద్ధతిలో ఇప్పటికీ తయారవుతుండాలి. ఇదీ మేం పెట్టుకున్న కొలత. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునేవి వద్దనుకున్నాం. రాంపురి చాకును వదిలేసినందుకు ఇద్దరు సభ్యులు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. వారి అసమ్మతిని మినిట్స్‌లో రాశాం.

పేచీ లేకుండా ఒప్పుకున్నది ఒపినెల్. ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టిన చాకు ఇది. బీచ్ కర్ర పిడి, ఒక బ్లేడు, అంతే. బ్లేడును కదలకుండా పట్టే తిరుగుడు రింగు 1955లో వచ్చింది. సైజులకు నంబర్లుంటాయి. 8వ నంబరు కొంటే చాలు, బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. కార్బన్ స్టీల్‌దే తీసుకోండి, కానీ తుడవడం మరవద్దు. సంఘం చాకుతో నేనే బత్తాయి కోసి, తుడవకుండా మడిచి జేబులో వేసుకున్నాను. తెల్లారి చూస్తే బ్లేడంతా నల్లబడింది. వానాకాలంలో కర్ర ఉబ్బి బ్లేడు బయటికి రాదు. అప్పుడు గోళ్లతో పీకకండి. పిడి చివరను బల్లకు తట్టితే మొన బయటికొస్తుంది. సవోయ్ వాళ్లు కూడా అట్లాగే తడతారు.

స్విస్ ఎర్ర చాకు గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. కార్ల్ ఎల్సెనర్ 1891లో సైన్యానికి మొదటి చాకులు ఇచ్చాడు, 1897లో ఆఫీసర్ల చాకు వచ్చింది. మన ఇళ్లలో చాలామందికి మొదటి చాకు ఇదే.

ఎక్కువ కాలం గుర్తుండేది మాత్రం స్టాక్‌మన్. ఇది అమెరికాలో పశువుల కాపరుల కోసం పుట్టిన మూడు బ్లేడ్ల చాకు. మహబూబ్‌నగర్ సమావేశానికి ఒక సభ్యుడు తన పెదనాయనను వెంటబెట్టుకొచ్చాడు. ఆయన జీవితమంతా గొర్లు కాసిన మనిషి. మేం వివరించేలోపే చాకు అందుకుని మూడు బ్లేడ్లూ తెరిచాడు. పొడుగుదాన్ని పక్కకు నెట్టి, వాదర నిటారుగా ఉండి మొన లేనిదాన్ని చూపించి "గిది గిట్టలు చెక్కనీకె" అన్నాడు. మొన గుండ్రంగా ఉన్న మూడోదాన్ని బొటనవేలితో తడిమి నవ్వాడు. "విత్తులు తీసెతందుకు. మొన లేదు సూడు బిడ్డా, జీవం తన్నినా గుచ్చుకోదు." అక్షరాలా అంతే. ఆ రెండో బ్లేడుకు ఇంగ్లిషులో గొర్రె కాలు పేరే ఉంది. మూడోది పశువుల విత్తులు, అంటే వృషణాలు, తీయడానికే చేసింది. నేను ఈ ముక్క తెలుసుకోవడానికి ఎన్నో రాత్రులు చదివాను, ఆయనకు ఒక నిమిషం పట్టింది. కేస్ కంపెనీ స్టాక్‌మన్లు దొరుకుతాయి, ధర మాత్రం గట్టిగానే ఉంటుంది.

జపాన్ హిగోనొకామి చవక, ముచ్చటైనది. 1890లలో మికి పట్టణంలో పుట్టింది. రేకు మడిచి చేసిన పిడి, తెరవడానికి వెనక చిన్న తోక, లాక్ లేదు. బొటనవేలు తోక మీద ఉన్నంతసేపే బ్లేడు నిలబడుతుంది. అక్కడి బడిపిల్లలు దీంతోనే పెన్సిళ్లు చెక్కేవారు, మనం సగం బ్లేడుతో చెక్కినట్టు.

లగియోల్ దగ్గర గొడవైంది. స్ప్రింగు మీద తేనెటీగ బొమ్మ ఉండే ఫ్రెంచి చాకు ఇది, అందంలో దీనికి సాటి లేదు. కానీ లగియోల్ ఒక ఊరి పేరు. ఆ పేరు వేసుకున్నదల్లా ఆ ఊళ్లో తయారైంది కాదు. మంచివి తియేర్ పట్టణంలోనూ తయారవుతాయి, నాసివి ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. మన సభ్యుడొకరు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని తెప్పించుకుంటే నెలకే బ్లేడు ఊగులాడింది. తయారీదారు ఎవరో తేల్చుకున్నాకే కొనండి, అదీ అన్నిటికన్నా చివర.

పాతవాటిలో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఊరి రోజర్స్ కంపెనీ చాకు కోసం ముందు మీ ఇంటి పెట్టెలు వెతకండి. ఆ కంపెనీ గుర్తులైన నక్షత్రం, సిలువ కనిపిస్తే దాని మీద ఆకురాయి పెట్టకండి.

చివరిది నేను పట్టుబట్టి చేర్పించింది, అంటు కత్తి. చలికాలంలో నల్లగొండ దగ్గర బత్తాయి అంట్లు కట్టే నర్సరీకి వెళ్లాం. వేరు మొక్క బెరడు మీద టి ఆకారంలో గాటు పెట్టి, బెరడు లేపి, బత్తాయి కన్ను, అంటే చిగురుమొగ్గ, లోపలికి జార్చి, పాలిథీన్ పట్టీ చుట్టేస్తారు. కత్తి వాదర ఒకవైపే ఉంటుంది, గాటు నున్నగా రావాలని. అక్కడ ఒకాయన చేతిలోని మడత కత్తి నూరీ నూరీ పుల్లంత సన్నబడింది. అమ్ముతారా అని అడిగితే "మరి నేను దేంతో కట్టాలె సారూ?" అన్నాడు. ఇంకోసారి అడగలేదు.

ఈ ఏటి తప్పు ఒకటి ఒప్పుకోవాలి. సంఘం చాకులను తోలు సంచుల్లో పెట్టి వానాకాలమంతా బీరువాలో వదిలేశాం. తోలు తేమ పీల్చి నాలుగింటికి తుప్పు పట్టింది. ఇకనుంచి నూనె గుడ్డలో చుట్టి పెడతాం.

లైసెన్సు గురించి చాలామంది టెన్షన్ పడుతున్నారు. 2016 ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడవు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడున్న కత్తుల ప్రస్తావన ఉంది. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. మన జాబితాలో ఏదీ ఆ కొలతల దరిదాపుల్లో లేదు. అయినా జాతరకో, సభకో జేబులో వేసుకుని పోవద్దు. విమానంలో చేతిసంచిలో అసలే వద్దు. ఒక సభ్యుడు మంచి చాకును అట్లాగే పోగొట్టుకున్నాడు.

వచ్చే ఏడు మొదటి సమావేశంలో సాన పట్టడం నేర్పుతాం. దానికి సంఘం సానరాయి కావాలి. దసరాకు ముందు తీసుకెళ్లినవారు ఎవరో దయచేసి తెచ్చివ్వండి, రిజిస్టరులో సంతకం లేదు.

ఇట్లు,
కార్యదర్శి