ప్లాస్టిక్ కవర్ల విషయంలో మేమిచ్చిన మాట, ఇంతవరకు జరిగినది

మా దుకాణంలో చీరలు కొంటున్న మీ అందరికీ నమస్కారం.

గత ఉగాదికి మీకు పంపిన ఉత్తరంలో, దీపావళి నాటికి మా దగ్గరి నుంచి ఏ చీరా ప్లాస్టిక్ కవరులో మీ ఇంటికి రాదని రాశాము. దీపావళి వెళ్ళింది, సంక్రాంతి కూడా వెళ్ళింది. ఆ మాటను మేము పూర్తిగా నిలబెట్టుకోలేకపోయాము. ఎంతవరకు చేయగలిగామో, ఎక్కడ తప్పామో మీకు చెప్పుకోవలసిన బాధ్యత మాది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాము.

విజయవాడలోని మా దుకాణానికి మంగళగిరి, ఉప్పాడ, పొందూరుల నుంచి నేత బట్టలు వస్తాయి. మాట ఇచ్చేటప్పుడు మా ఆలోచనలో ఉన్నది మీరు ఇంట్లో విప్పే ఆఖరి కవరు ఒక్కటే. ఆ తరువాత ఒకరోజు, ఒక మంగళగిరి నూలు చీర మీ గుమ్మం చేరేలోగా దాని కోసం వాడిన ప్లాస్టిక్ ఎంతో తెలుసుకుందామని, ప్రతి దశలోని కవర్లనూ ఒక్కొక్కటి తెప్పించి బల్ల మీద పరిచి చూశాము. నూలు బేలు మీది ప్లాస్టిక్ పట్టా, దాని లోపల చిలపల (నూలు చుట్టల) కట్టలకు చుట్టిన పలుచని పాలిథిన్, ఒక్కొక్క జరీ రీలుకు తొడిగిన చిన్న కవరు, మగ్గం దిగిన చీరను మడతపెట్టి మాస్టర్ వీవరు (నేతగాళ్ళకు నూలిచ్చి చీరలు నేయించే పెద్ద) తొడిగే గలగలలాడే కవరు, అలాంటి పది చీరలను కలిపి కట్టే పెద్ద సంచి, చీరను మేము పరీక్షించి ఇస్త్రీ చేశాక తొడిగే మా పేరున్న కొత్త కవరు, దాని పైన కొరియర్ కవరు, ఆ కవరుకు చిరునామా చీటీ పెట్టే జేబు, చుట్టూ టేపు. వీటిలో మీరు చూసేవి చివరి మూడు నాలుగే. మిగిలినవన్నీ నేతగాళ్ళ ఇళ్ళ దగ్గర, మా దుకాణం వెనక గదిలో చెత్తగా పోగుపడుతున్నాయి.

అన్నిటికంటె ఎక్కువగా మమ్మల్ని బాధపెట్టింది మధ్యలోని రెండు కవర్లు. మంగళగిరిలో కొత్తగా తొడిగిన కవరును మూడు రోజులు తిరగకముందే మేము చింపి పారేసి, అదే కొలతతో మరొకటి తొడుగుతున్నాము. ఏళ్ళ తరబడి ఇలా చేస్తూ వచ్చాము, ఎందుకని ఒక్కసారి కూడా ప్రశ్నించుకోలేదు.

చట్టం అడగలేదు కదా అని ఊరుకోవచ్చు. 2022 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన, ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల నిషేధం జాబితాలో మిఠాయి డబ్బాల మీద, శుభలేఖల మీద చుట్టే పలుచని పొర ఉంది గాని చీర కవరు లేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాలు, మార్కెట్లోకి పంపిన ప్లాస్టిక్‌ను తిరిగి సేకరింపజేసే బాధ్యతను బ్రాండ్ల యజమానుల మీద పెట్టినా, ఆ యజమానులలో సూక్ష్మ, చిన్న తరహా సంస్థలను మినహాయించాయి. ఆ మినహాయింపు మాకు వర్తిస్తుంది. అయినా కాలువలో పడిన కవరు చిన్న సంస్థదా పెద్ద సంస్థదా అని నీటికి తేడా తెలియదు కనుక, మేము ఆ మినహాయింపు వెనక దాక్కోదలచుకోలేదు.

మొదట మంగళగిరి సంగతి చెబుతాము, ఎందుకంటే మా ప్రయత్నం ఫలించిన చోటు అదే. చీరకొక కవరు తొడగడం మానేయమని మాస్టర్ వీవర్లను అడిగినప్పుడు, ఎవరూ వెంటనే ఒప్పుకోలేదు. "కవరు లేని చీరను చూస్తే పాత సరుకు అనుకుంటారమ్మా, మీరే రేటు తగ్గించమంటారు" అని ఒక పెద్దాయన నిర్మొహమాటంగా అన్నారు. వారి భయం సహేతుకమే. అందుచేత, కవరు లేదన్న కారణంతో ఏ చీరనూ వెనక్కి పంపబోమని, ధర తగ్గించబోమని కాగితం మీద రాసి ఇచ్చాము. అప్పుడు ఆ పెద్దాయనే లోపలికి వెళ్ళి, తన తండ్రి చీరలను షావుకారు దగ్గరకు మోసుకుపోయిన మూటగుడ్డను తెచ్చి చూపించారు. మందపాటి కోరా గుడ్డ, నాలుగు మూలలా ముడివేసి వేసి నలిగిన గీతలు, ఒక అంచున వేరే రంగు దారంతో వేసిన అతుకు. అదే కొలతకు మేము కొత్త మూటగుడ్డలు కుట్టించాము. ఇప్పుడు వారానికి ఒకసారి ఇరవై చీరలొక మూటగా వస్తాయి. మూట విప్పిన గుడ్డ ఆ బండిలోనే తిరిగి వెళుతుంది. మంగళగిరి మాకు పన్నెండు పదమూడు కిలోమీటర్లే కాబట్టి ఇది సాధ్యమైంది. మంగళగిరి చీరలకు మధ్యలోని రెండు కవర్లూ, పెద్ద సంచీ పూర్తిగా పోయాయి. మీకు పంపేటప్పుడు చీరను తెల్లని, అచ్చు లేని కాగితంలో చుడుతున్నాము.

ఉప్పాడ, పొందూరుల విషయంలో మేము ఇంకా మొదటి మెట్టు మీదనే ఉన్నాము. అక్కడి సరుకు లారీ ట్రాన్స్‌పోర్టులో ఇతర సరుకులతో కలిసి, ఒకచోట దింపి మరొకచోట ఎక్కించుకుంటూ వస్తుంది. గుడ్డ మూట తడిసినా చినిగినా బాధ్యత వహించేవారు ఉండరు. పైగా ఉప్పాడ సముద్రం ఒడ్డున ఉంది. అక్కడి తేమలో జరీ చీరను కవరు లేకుండా ఉంచమని నేతగాళ్ళకు చెప్పే ధైర్యం మాకు లేదు. ప్రస్తుతానికి చీరకొక కవరు అలాగే ఉంచి, వారు తొడిగిన కవరునే చిరగకుండా తీసి, పరీక్ష అయ్యాక అదే చీరకు మళ్ళీ తొడిగి మీకు పంపుతున్నాము. దాని మీద మా పేరు ఉండదు, కొంచెం నలిగి కూడా ఉండవచ్చు. చీర మాత్రం కొత్తదే.

ఇక మేము తప్పిన చోటు. శ్రావణ మాసంలో, పార్సిళ్ళు అత్యధికంగా వెళ్ళే రోజులలో, కొరియర్ కవర్లు మానేసి గోధుమరంగు కాగితపు సంచులలో చీరలు పంపాము. ఆ నెలలో తొమ్మిది పార్సిళ్ళు తడిశాయి. వరలక్ష్మీ వ్రతానికి కట్టుకుందామని మీలో ఒకరు తెప్పించుకున్న మీగడరంగు చీర మా దగ్గరకు తిరిగి వచ్చినప్పుడు విప్పి చూశాము. ఎర్ర అంచు రంగు దిగి, మడత మడతకూ ఒకే దూరంలో, చీర పొడవునా వరుసగా జేగురు మరకలు పడి ఉన్నాయి. మరొక చీర పంపాము గాని అది వ్రతం అయిన మూడో రోజుకు చేరింది. ఆమెకు ఈ ఉత్తరం ద్వారా మరొకసారి క్షమాపణ చెప్పుకుంటున్నాము. అంచు రంగు దిగడం వానదే కాదు, మా పరీక్షలోని లోపం కూడా; ఇప్పుడు రంగు వేసిన ప్రతి కొత్త విడతలో ఒక చీర కొసను తెల్లగుడ్డతో కలిపి తడిపి చూస్తున్నాము. కొరియర్ కవరును మాత్రం జూన్ నుంచి నవంబరు దాకా వాడక తప్పదని నిర్ణయించుకున్నాము. మిగిలిన నెలల్లో అట్టపెట్టె, దాని మీద జిగురు కాగితపు టేపు వాడుతాము.

రెండవ తప్పు ఇంకా పెద్దది. వానలకు బెదిరి, నేలలో కలిసిపోతాయని చెప్పిన కవర్లను హడావిడిగా కొన్నాము. వాటి మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంటుంది. రెండు నెలలు మీకు పంపిన తరువాత, ధ్రువపత్రం చూపమని అమ్మినవారిని అడిగితే వారి దగ్గర ఏదీ లేదు. కొనకముందే అడగవలసిన ప్రశ్న అది. మన దేశంలో కంపోస్టు అయ్యే ప్లాస్టిక్‌కు ఐఎస్ 17088 అనే ప్రమాణం ఉంది. ఆ ప్రమాణానికి సరిపోయిన కవరు సైతం కంపోస్టు కేంద్రాలలో ఉండే వేడికి కుళ్ళుతుంది గాని, పెరటి గుంటలో అలా కుళ్ళుతుందని నమ్మడానికి లేదు. ఏ ప్రమాణమూ లేకుండా, మామూలు పాలిథిన్‌లోనే ఏదో రసాయనం కలిపి చేసినవైతే అవి మట్టిలో కలవవు, కంటికి కనబడనంత చిన్న ముక్కలుగా మాత్రమే చిట్లుతాయి. కాబట్టి ఆకు బొమ్మ ఉన్న మా కవరును మొక్కల పాదుల్లో వేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి దానిని తీసివేయండి. మిగిలిపోయిన కవర్లను మేము వాడటం లేదు.

పార్సిలుతో పాటు ఉచితంగా ఇస్తున్న గుడ్డ సంచిని కూడా ఆపేశాము. ఇది కొందరికి నచ్చలేదని తెలుసు. కానీ పత్తి పండించడానికి, దారం వడకడానికి, నేయడానికి ఎంత నీరు, ఎంత శ్రమ పడుతుందో మాకు తెలుసు. మీ ఇంట్లో ఇప్పటికే పది సంచులు ఉంటే పదకొండవది ప్లాస్టిక్‌ను తగ్గించదు. కావాలని అడిగినవారికి తప్పకుండా ఇస్తాము.

ఖర్చు సంగతి దాచము. కాగితం, అట్టపెట్టె, మూటగుడ్డల ఉతుకుడు కలిపి ఒక్కొక్క పార్సిలుకు మాకు 14 రూపాయలు అదనంగా పడుతోంది. సంక్రాంతి నుంచి రవాణా రుసుములో పెంచిన 10 రూపాయలు ఇందుకే. మిగిలిన 4 రూపాయలు మేము భరిస్తున్నాము.

మీ ఇంట చీర చేరాక, అది కవరులో వచ్చినదైతే వెంటనే బయటికి తీయండి. మూసిన కవరులో తేమ బయటికి పోదు, జరీ నల్లబడుతుంది, గంజి పెట్టిన నూలుకు బూజు పడుతుంది. పాత నూలు పంచెలో చుట్టి, రెండు మూడు నెలలకు ఒకసారి మడతలు మార్చితే చాలు. విజయవాడలో ఉన్నవారు ఆ కవర్లను దుకాణానికి తెచ్చి ఇవ్వవచ్చు. ఒక్క కవరును పాత సామాన్లవారు తీసుకోరు. టేపు, చీటీలు తీసి బస్తాగా కట్టి ఇస్తే తీసుకుంటారు. దూరంగా ఉన్నవారు మాత్రం కవర్ల కోసం మాకు మరొక పార్సిలు పంపవద్దు.

మా పాత అట్టపెట్టెల మీద "ప్లాస్టిక్ రహితం" అని అచ్చువేయించిన మాటపై ఇప్పుడు కాగితం అంటించి పంపుతున్నాము. నూలు బేళ్ళ పట్టాల గురించి, జరీ రీళ్ళ కవర్ల గురించి అమ్మకందారులతో మాట్లాడటం ఈ నెలలోనే మొదలుపెట్టాము. వారు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా, వచ్చే శ్రావణానికి ముందే మీకు రాస్తాము.