సాంచెలు బందువెట్టి మాకు పాటిచ్చిన కాకకు

నిన్న రాత్రి పన్నెండింటికి మా మొదటి ఆల్బమ్ బయటికొచ్చింది. తొమ్మిది పాటలు, నలభై ఒక్క నిమిషాలు. రెండున్నరేళ్లు పట్టింది. మూడు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, గొంతు పూర్తిగా పోయింది, ఫోన్ చేసినవాళ్లతో మాట్లాడలేకపోతున్నాను. అందుకే రాస్తున్నాను. రేపైతే ఇంకాస్త పద్ధతిగా రాస్తానేమో, కానీ రేపటిదాకా ఆగలేను.

అమ్మా, నాన్నా, తమ్ముడూ, మీకు వేరే చెప్పాలా. బ్యాండులో మిగతా ముగ్గురికీ అంతే, ఇది మీది కూడా. సిరిసిల్లలో మమ్మల్ని బండి మీద తిప్పిన మామయ్యకు, అర్ధరాత్రి అన్నం పెట్టిన అత్తయ్యకు ఇంటికొచ్చి చెప్తాను.

ఇప్పుడు కాక గురించి. పేరు రాయనా అని అడిగితే "పేరు గీరు ఎందుకు బిడ్డా" అన్నాడు, కాబట్టి రాయట్లేదు. సిరిసిల్లలో సాంచెల మీద పనిచేస్తాడు. బయటివాళ్లు మరమగ్గం అంటారు, అక్కడ ఎవరినడిగినా సాంచెనే. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. మాకు చుట్టం కాదు, తెలిసినవాడూ కాదు. ఆ రాత్రికి ముందు ఒక్కసారి కూడా చూడలేదు.

అసలు సాంచెల దగ్గరికి ఎందుకు పోయామో చెప్పాలి. మేం వాయించేది ఇండస్ట్రియల్ రాక్, అంటే యంత్రాల చప్పుళ్లు కలిసిన రాక్ సంగీతం. గిటార్లు, సింథులు (సింథసైజర్లు), డ్రమ్ మెషిన్, వాటి మీద నా గొంతు. 1976లో లండన్‌లో త్రాబింగ్ గ్రిసిల్ అనే బ్యాండు వాళ్లు ఇండస్ట్రియల్ రికార్డ్స్ అని సొంత కంపెనీ పెట్టుకున్నారు, ఈ సంగీతానికి పేరు అక్కడి నుంచే వచ్చింది. ఆ నలుగురిలో కోజీ ఫానీ టూటీ అనే ఆవిడ ఉంది. 1980లో పశ్చిమ బెర్లిన్‌లో మొదలైన ఐన్‌స్టుర్జెండె నాయ్‌బౌటెన్ బ్యాండు వాళ్లు డ్రిల్లింగ్ మెషిన్లు, ఇనుప రేకులు స్టేజీ మీదికి తెచ్చారు. 1995లో గార్బేజ్ బ్యాండు మొదటి ఆల్బమ్‌లో షర్లీ మాన్సన్ ఆ గోలంతటి మధ్యలో మామూలుగా మాట్లాడినట్టు పాడుతుంది. పదిహేడేళ్లప్పుడు అది విని, అరవకుండా కూడా ఈ పాటలు పాడొచ్చని నాకు మొదటిసారి తెలిసింది. కానీ అవి వాళ్ల ఊళ్ల చప్పుళ్లు. ఏ యాప్‌లో చూసినా అవే దొరుకుతాయి, డబ్బులు కట్టి దింపుకోవచ్చు. నా చెవుల్లో ఉన్న ఫ్యాక్టరీ వేరే. ఎండాకాలం సెలవులకు అమ్మమ్మ ఇంటికి పోతే రాత్రంతా గోడ అవతల సాంచెలు నడిచేవి. ఆ చప్పుడుకే నిద్రపోయేదాన్ని, అది ఆగితేనే మెలకువ వచ్చేది.

2023 జూన్‌లో సికింద్రాబాద్ జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి బస్సెక్కి నలుగురం పోయాం. మామయ్య ఒక షెడ్డు ఆసామితో మాట్లాడి పెట్టాడు. రాత్రి షిఫ్టులో కొంచెంసేపు రికార్డు చేసుకోండి, పనికి అడ్డం రావద్దు అన్నాడాయన. లోపలికి పోగానే అర్థమైంది, మా మైకులు ఆ చప్పుడుకు ఆగవని. పక్కపక్కన అన్ని సాంచెలు ఒకేసారి నడుస్తుంటే వినిపించేది ఒక్క ముద్ద. అందులో లయ లేదు. ప్రతి సాంచెకూ దాని లయ ఉంది, కానీ అన్నీ కలిస్తే ఏదీ పట్టుబడదు. గంటసేపు కుస్తీ పట్టాం. మా గిటారిస్టు ఇక పోదాం అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఆ షెడ్డులో ఏడ్చినా ఎవరికీ వినబడదు కాబట్టి ఏడ్చాను.

కాక చూశాడు. దగ్గరికొచ్చి చెవిలో అరిచి అడిగాడు, ఏం గావాలె అని. ఒక్క సాంచె చప్పుడు విడిగా కావాలి అని సైగ చేశాను. ఆయన ఒక్క నిమిషం అట్లాగే నిలబడ్డాడు. తర్వాత పోయి తన కింద ఉన్న ఎనిమిది సాంచెల్లో ఏడింటిని ఒక్కొక్కటే ఆపేశాడు. అవతలి వరసలో ఉన్న ఇద్దరితో ఏదో అన్నాడు, వాళ్లూ ఆపారు. షెడ్డు మొత్తంలో ఒక్క సాంచె నడుస్తోంది. నాడె (అడ్డ దారాన్ని మోసే ముక్క) అటూ ఇటూ పోవడం, దాన్ని కొట్టే కర్ర, బెల్టు, అన్నీ విడివిడిగా వినిపించాయి. మేం లెక్కపెడితే నిమిషానికి 128 పోట్లు. మధ్యలో బెల్టు జారి ఒక పోటు వెనకబడేది, మళ్లీ అందుకునేది. ఆ వెనకబాటు ఏ కంప్యూటర్‌లోనూ తయారుచేయలేం, మేం ప్రయత్నించాం.

అంతటితో అయిపోలేదు. మేం మైకు స్టాండు ఎక్కడ పెట్టాలా అని తంటాలు పడుతుంటే, కాక నా చెయ్యి పట్టుకుని సాంచె చట్రం మీద, ఒక మూలన, ఆనించాడు.

"నాకు చెవులు ఎప్పుడో పోయినయి బిడ్డా. సాంచె బాగున్నదా లేదా నేను చేతితోనే చూస్త. ఈడ పట్టు."

అరచేతిలోంచి భుజందాకా వచ్చింది ఆ లయ. కాంటాక్ట్ మైకు తీసి, సరిగ్గా ఆ చోట టేపు వేసి అంటించాం. అది గాలిలో చప్పుడు పట్టదు, వస్తువు కంపాన్నే పట్టుకుంటుంది. ఆల్బమ్ మొత్తంలో మీకు వినబడే ఆ లోపలి దెబ్బ, చాలామంది నిన్నటి నుంచి ఏ డ్రమ్ మెషిన్ అని అడుగుతున్నది, అది కాక చెయ్యి పెట్టిన చోటు. ఎనిమిది సాంచెలూ ఒకదాని తర్వాత ఒకటి అట్లాగే తీసుకున్నాం. తెల్లారేసరికి నాలుగు గంటల రికార్డింగు మా దగ్గరుంది.

ఐదు వందలు ఇవ్వబోతే తీసుకోలేదు. పైగా బయట టీకొట్టులో మా నలుగురి టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు. చెవుల్లో పెట్టుకోండని కండెల (దారం చుట్టే గొట్టాల) దగ్గర నుంచి కాస్త దూది కూడా తెచ్చిచ్చాడు. తను మాత్రం పెట్టుకోలేదు.

పోయిన నెల మిక్సింగు అయిపోయాక, అందరికంటే ముందు ఆయనకే వినిపించాలని ఒక స్పీకరు పట్టుకుని వాళ్లింటికి పోయాను. మూడో పాట పెట్టాను. ఆయనకు నా గొంతు సరిగ్గా వినబడలేదు, తెలుస్తూనే ఉంది. లేచి వచ్చి స్పీకరు డబ్బా మీద అరచెయ్యి పెట్టాడు. కాసేపు ఉంచి, "గిది గోడ పక్క సాంచె" అన్నాడు. ఫోన్‌లో ఫైలు పేరు చూశాను. గోడ పక్కదే.

అప్పుడు కాకి, అంటే ఆయన భార్య, లోపలి నుంచి వచ్చి నిలబడింది.

"ఆ రాత్రా? ఆ వారం కూలి తక్కువొచ్చింది. ఏమైందని అడిగితే బెల్టు తెగింది అన్నడు నాతోని. గిన్ని దినాలకు గిప్పుడు చెప్తున్నడు, మీకోసం బందువెట్టినట."

నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియట్లేదు. సాంచెల మీద కూలి మీటరు లెక్క. బట్ట నడిస్తేనే డబ్బు, సాంచె ఆగిన గంటకు ఎవరూ ఏమీ ఇవ్వరు. ఆ లెక్క నాకు చిన్నప్పటి నుంచి తెలుసు, అమ్మమ్మ ఊరే అది. అయినా ఆ రాత్రి నాకు తట్టలేదు. నా పాట ఒక్కటే తలలో ఉంది. ఆయన, అవతలి వరస ఇద్దరూ, మా కోసం మీటర్లు వదులుకున్నారు. పైగా ఇంట్లో అబద్ధం చెప్పాడు, మమ్మల్ని ఎవరూ ఏమీ అనకూడదని. బస్సులో తిరిగొస్తూ సిద్దిపేట దాకా ఏడ్చాను.

2024 మొదట్లో ఆర్డర్లు లేక సిరిసిల్లలో సాంచెలు ఆగిపోయాయని పేపర్లో చదివాం. 2017 నుంచి ప్రభుత్వం ఇచ్చిన బతుకమ్మ చీరల ఆర్డర్ల మీద నడిచిన ఊరు అది, ఆ పని ఆగితే చేతిలో వేరే ఏముంది? అదే నెలల్లో నేను స్టూడియోలో కూర్చుని ఆయన సాంచె చప్పుడును ముక్కలు కోస్తున్నాను. ఒక్క ఫోన్ చేయలేదు. కాకా, అది తప్పే.

ఇంకో మాట చెప్పకపోతే నిద్ర పట్టదు. పాటలను యాప్‌లలో పెట్టే సంస్థ ఒకటి (పేరు అనవసరం) మా ఆల్బమ్‌ను రెండుసార్లు వెనక్కి పంపింది. కారణం ఒకే ఒక్క లైను: ఆడియోలో లోపాలున్నాయి, సరిచేసి పంపండి. లోపమట! ఆ బెల్టు జారే పోటును లోపమన్నారు. మనిషి ఎవరూ వినలేదు, ఏదో ప్రోగ్రాం విని కొట్టేసింది. ఎవరితోనైనా మాట్లాడదామంటే ఫోన్ నంబరు లేదు, ఒక ఫారం, దానికి ఆటోమేటిక్ జవాబు. డబ్బులు కట్టించుకునేటప్పుడు మాత్రం నిమిషంలో పని అయింది. ఒక కార్మికుడు కూలి వదులుకుని ఇచ్చిన చప్పుడును చెడిపోయిన ఫైలు అంటే నాకు ఎంత కోపం వచ్చిందో రాయలేను. బెర్లిన్ వాళ్ల రేకుల చప్పుడు ఇవే యాప్‌లలో ఏళ్లుగా ఉంది, దాన్ని ఎవరూ సరిచేయమనలేదు. సిరిసిల్ల చప్పుడుకే ఎందుకు? విడుదల మూడు వారాలు వెనక్కిపోయింది. మేం ఒక్క పోటు కూడా సరిచేయలేదు.

అయ్యో, ఇక్కడే చెప్పాలి: ఆ ఫారంలో ఏం రాస్తే మనిషి దాకా పోతుందో చెప్పింది మాస్టరింగ్ (విడుదలకు ముందు ఆఖరి సౌండు పని) చేసిన అన్న దగ్గర పనిచేసే కుర్రాడు. వాడికి థ్యాంక్స్. మాస్టరింగ్ అన్నకు కూడా, బాకీ ఇంకా ఉంది, ఇచ్చేస్తాం. హార్డ్ డిస్కు పోయినప్పుడు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో రెండు రోజులు కూర్చుని ఫైళ్లు వెనక్కి తీసిన భాయ్‌కి. మేడ మీద గదిలో రాత్రిళ్లు ప్రాక్టీసు చేస్తే ఒక్కసారి కూడా పైకొచ్చి తలుపు కొట్టని కింది వాటా ఆంటీకి. కవరు ఫొటో తీసిన నా క్లాస్‌మేట్‌కి, నిన్న పోస్టులో నీ పేరు పెట్టడం మర్చిపోయాను, సారీ.

అవతలి వరస ఇద్దరన్నలకు. మీ పేర్లు కూడా అడగలేదు.

ఇంకొకరున్నారు. ఇంతసేపూ గుర్తు రానందుకు సిగ్గుగా ఉంది. ఆఖరి పాట చివర కరెంటు పోయి సాంచె ఆగిపోతుంది, చీకట్లో ఒక ఆడమనిషి గొంతు "అన్నా, గాలి జర ఇటు రానియ్, తలుపు తీయ్" అంటుంది. అది నేను కాదు, చాలామంది నేనే అనుకుంటున్నారు. మూలన కండెలు చుడుతున్న అక్క. ఆల్బమ్ ఆమె మాటతోనే అయిపోతుంది, ఆమెకు ఆ సంగతి తెలియదు. ఆదివారం పొద్దున మొదటి బస్సుకు పోతున్నాను, స్పీకరు తీసుకుని.