శివారు కాలనీల వీధులను కలపండి

సంపాదకులకు,

తిరుపతి పాత ఊళ్లో గోవిందరాజస్వామి ఆలయం చుట్టూ ఉన్న వీధులు ఇరుకైనవే. కానీ ఒక వీధిలో ఊరేగింపు వస్తే పక్క సందులోంచి గాంధీ రోడ్డుకు చేరుకోవచ్చు. ఊరు పెరిగేకొద్దీ రోడ్లు వెడల్పయ్యాయి, ఇలా పక్కదారి పట్టే వీలు మాత్రం తగ్గిపోయింది.

రేణిగుంట రోడ్డు, కరకంబాడి రోడ్డు, తిరుచానూరు వైపు పొలాలు ముక్కలు ముక్కలుగా చేతులు మారి లేఅవుట్లయ్యాయి. లేఅవుట్ వేసినవారు తమ సర్వే నంబర్ హద్దు దాకా రోడ్డు వేసి అక్కడ గోడ కట్టేస్తారు. గోడ అవతల మరో కాలనీ. అక్కడి బడికి పిల్లలు నడిచి వెళ్లాలంటే లారీలు తిరిగే మెయిన్ రోడ్డెక్కి చుట్టూ తిరగాల్సిందే. పాల ప్యాకెట్ కోసం బయల్దేరిన స్కూటరూ ఆ రోడ్డు మీదికే వస్తుంది. అప్పుడు రోడ్డు చాలడం లేదంటాం. 2023లో పూర్తయిన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ కొండకు వెళ్లే బస్సులకు మేలు చేసిన మాట నిజం. కాలనీ నుంచి కాలనీకి వెళ్లేవారి ఇబ్బంది దానితో తీరేది కాదు.

చదరపు కిలోమీటరుకు కనీసం 18 కిలోమీటర్ల వీధులుండాలని ఐక్యరాజ్యసమితి ఆవాస విభాగం సూచిస్తోంది. నా దృష్టిలో పొడవొక్కటే చూస్తే లాభం లేదు. గోడకు తగిలి ఆగిపోయే రోడ్లతోనూ ఆ లెక్క సరిపెట్టవచ్చు. అవి ఒకదాన్నొకటి ఎన్నిచోట్ల కలుస్తున్నాయన్నది ముఖ్యం. ఇళ్లు కట్టాక దారి తీయడమంటే ఒకరి గోడ కూల్చడమే కనుక ఇది అనుమతి ఇచ్చేటప్పుడే తేలాలి. పక్క భూముల్లోని రోడ్లు కూడా ప్లానులో చూపించాలని, కనీసం రెండు రోడ్లు హద్దు దాకా వెళ్లి తెరిచే ఉండాలని తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ (తుడా), నగరపాలక సంస్థ పట్టుబట్టాలి. అనధికార లేఅవుట్లను క్రమబద్ధీకరించేటప్పుడూ ఇదే షరతు పెట్టాలి.

అనుమతి పొందిన లేఅవుట్లలో రోడ్లను గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు అప్పగిస్తారు. అవి ప్రజల రోడ్లు. వాటికి అడ్డంగా గోడ ఎలా ఉండనిస్తున్నారు? దొంగల భయం, బయటి కార్ల రద్దీ అని కాలనీవాసులు చెప్పేది కొట్టిపారేయలేం. అలాంటిచోట కార్లు దూరకుండా రాతి స్తంభాలు పాతి, మనుషులకు, సైకిళ్లకు మాత్రం దారి వదలొచ్చు. ముందుగా బడులు, బస్టాపుల దగ్గరున్న గోడలను గుర్తించి ఈ పని మొదలుపెట్టాలని అధికారులను కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, తిరుపతి