ఎగ్జాస్ట్ కిట్‌లోని గొట్టం లోపం, ఆక్సిజన్ సెన్సర్‌పై తప్పుడు సూచనలు: ఫిర్యాదు

బెంగళూరు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: కిట్ డబ్బు వాపసు, సూచనల కాగితం సవరణ గురించి.

అయ్యా,

పెట్టె మీద 'ఇంట్లోనే బిగించుకోవచ్చు' అని అచ్చువేసి మీరు అమ్ముతున్న స్టెయిన్‌లెస్ స్టీల్ ఎగ్జాస్ట్ కిట్‌ను నా బిఎస్6 పెట్రోలు కారు కోసం కొన్నాను. ఇంట్లో బిగించుకునేవాడికి పెట్టెలోని కాగితమే మెకానిక్. ఆ కాగితాన్ని నమ్మి పని చేస్తే మంచి ఆక్సిజన్ సెన్సర్ (పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే పరికరం) కూడా పాడవుతుంది. ముందు గొట్టంలోనూ లోపం ఉంది. అందుకే దాన్ని కారుకు ఎక్కించలేదు. పాత గొట్టమే మళ్లీ బిగించాను.

అన్నిటికన్నా పెద్ద తప్పు సెన్సర్ బాస్‌ను, అంటే సెన్సర్‌ను బిగించే మరల కట్టును, వెల్డ్ చేసిన చోటు. అడ్డంగా పోయే గొట్టానికి సరిగ్గా అడుగున పెట్టారు. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా బయటికి వస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ ఆవిరి గొట్టం గోడలకు తగిలి నీరై అడుగుకు చేరుతుంది. సెన్సర్ లోపలి జిర్కోనియా పింగాణీని అప్పటికే హీటర్ వేడెక్కిస్తూ ఉంటుంది. కాలుతున్న పింగాణీ మీద నీటిబొట్టు పడితే అది పగులుతుంది. సెన్సర్ గొట్టం పైభాగంలో, గడియారం లెక్కలో 10కి, 2కి మధ్య ఉండాలి. కనీసం అడ్డగీతకు 10 డిగ్రీలు పైకైనా వాలి ఉండాలి. వైరు అందడం లేదని కిందికి దించి ఉంటే, వైరును సరైన మార్గంలో తీసుకెళ్లి క్లిప్పులు పెట్టాల్సింది.

ఆ బాస్ మరలు కూడా దెబ్బతిన్నాయి. సెన్సర్‌వి ఎం18×1.5 కొలత మరలు. చేత్తో తిప్పితే అడుగు దాకా పోవాలి. మీ బాస్‌లో ఒకటిన్నర చుట్టు తిరిగి బిగిసిపోతోంది. వెల్డింగ్ వేడికి బాస్ కోడిగుడ్డు ఆకారానికి సాగితే ఇలాగే అవుతుంది. వెల్డ్ చేసేటప్పుడు లోపల ప్లగ్గు బిగించి ఉంచి, చల్లారాక ట్యాప్‌తో (మరలు కోసే పనిముట్టుతో) మరలు శుభ్రం చేస్తే ఈ తిప్పలు ఉండవు. ఇక్కడ పానా వేసి బలవంతం చేస్తే బాస్‌తోపాటు సెన్సర్ మరలూ పోతాయి.

ఇక కాగితం సంగతి. 'ఇంజిన్ పూర్తిగా చల్లారాక 22 పానాతో విప్పండి' అన్నారు. తుప్పు పట్టిన సెన్సర్ చల్లని గొట్టంలో కదలదు. ముందురోజే మరల మొదట్లో తుప్పును వదులు చేసే పెనెట్రేటింగ్ ఆయిల్ వేయాలి. పని మొదలుపెట్టే ముందు ఇంజిన్‌ను రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, గొట్టం వెచ్చగా ఉండగా మందపాటి గ్లౌజులతో విప్పాలి. నోరు తెరిచిన పానా రెండు అంచులనే పడుతుంది కాబట్టి మూలలు అరిగిపోతాయి. వైరు దూరడానికి పక్కన కోత ఉన్న 22 మిల్లీమీటర్ల సాకెట్ కావాలి. ఇక్కడి విడిభాగాల బజారు జె.సి. రోడ్‌లో అడిగినా దొరికే వస్తువు. కనెక్టర్‌ను ముందే ఊడదీయకపోతే సెన్సర్‌తోపాటు వైరూ మెలిపడి తెగుతుంది. ఆ మాట మీ కాగితంలో లేదు. పావు చుట్టు వదులు చేసి, కాస్త వెనక్కి తిప్పి, మళ్లీ ఆయిల్ వేస్తూ విప్పాలి. గాలి ఒత్తిడితో నట్లు విప్పే ఎయిర్ గన్ వాడొద్దన్న హెచ్చరిక లేదు. కారు కింద స్టాండులు పెట్టమన్న మాట లేదు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరితే ప్రాణానికే ముప్పు. ఈ ఒక్క మాట రాయకపోవడం క్షమించరానిది.

పేరు లేని గ్రీజు ప్యాకెట్ ఇచ్చి 'సెన్సర్‌కు పూయండి' అన్నారు. యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా పూసే పేస్టు) పూయాల్సింది మరలకు మాత్రమే, అదీ పలచగా. రంధ్రాలున్న మూతికి అంటకూడదు. కొత్త సెన్సర్లు చాలావాటికి ఫ్యాక్టరీలోనే పూసి వస్తుంది. ఇక అది సిలికోన్ గ్రీజే అయితే, ఆ ఆవిరి సెన్సర్ మూతి మీద తెల్లటి సిలికా పొరగా పేరుకుని దాని స్పందనను మందగింపజేస్తుంది. 'బలంకొద్దీ బిగించండి' అనడమూ తప్పే. సుమారు 40 న్యూటన్ మీటర్లు చాలు.

వెనక సెన్సర్‌ను పొగదారి నుంచి బయటికి జరిపే స్పేసర్‌ను 'లైటు రాకుండా' (డాష్‌బోర్డు మీది ఇంజిన్ హెచ్చరిక లైటు) అంటూ ఉచితంగా ఇచ్చారు. ఆ సెన్సర్ ఉన్నదే పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పనితీరు చూడడానికి. కన్వర్టర్ చచ్చిపోయినా డ్రైవర్‌కు తెలియకుండా చేసే ముక్క ఇది. విషపు పొగను ఊరి మీదికి వదిలే ఏర్పాటును సౌకర్యమని అమ్మకండి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 84(1)(ఇ) ప్రకారం, హాని జరగకుండా సరిగా వాడే సూచనలు, తప్పుగా వాడితే ఏమవుతుందన్న హెచ్చరికలు చాలినంతగా లేని వస్తువుకు తయారీదారు బాధ్యుడవుతాడు.

నేను కోరేవి ఇవి. కిట్ పూర్తి సొమ్ము వాపసు ఇచ్చి, గొట్టాన్ని మీ ఖర్చుతో తీసుకెళ్లండి. ఇదే కిట్ కొన్నవారందరికీ బాస్ లోపం, గ్రీజు గురించి రాతపూర్వకంగా తెలియజేయండి. ఇప్పటికే బిగించినవారికి సరైన గొట్టం పంపండి. స్పేసర్‌ను కిట్‌లోంచి తీసేయండి. కాగితం సవరించేదాకా అమ్మకం ఆపండి.

బాస్ ఫొటోలు, ప్యాకెట్ ఫొటో, సూచనల కాగితం నకలు, బిల్లు జతచేశాను. 15 రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మీరు పరీక్షించుకోవడానికి గ్రీజు ప్యాకెట్‌ను, గొట్టాన్ని అలాగే భద్రపరిచాను.

ఇట్లు,
కిట్ కొనుగోలుదారు