బూట్ల సెంటరు

తల్లిదండ్రులకు నమస్కారం.

బడి తెరిచి మూడు వారాలైంది. రెండు తరగతులకు పుస్తకాలు పూర్తిగా రాలేదు, వాన పడితే వెనక గేటు దగ్గర నీళ్ళు నిలుస్తున్నాయి. ఆ రెండింటి సంగతీ పిల్లలతో పంపిన కాగితంలో రాశాను. ఇది వేరే కబురు.

వేసవి సెలవుల్లో మా చిన్నమ్మాయిని చూడటానికి హంగరీ రాజధాని బుడాపెస్ట్ వెళ్ళాను. తను అక్కడ చదువుకుంటోంది. డాన్యూబ్ నది, వంతెనలు, కోట అన్నీ చూశాక, "నీకు పనికొచ్చే చోటు ఒకటుందమ్మా" అని మెట్రో ఎక్కించి, తర్వాత బస్సెక్కించి ఊరి చివరికి తీసుకెళ్ళింది. పెద్ద రోడ్డు పక్కన ఎర్ర ఇటుకల గోడ. పేరు మెమెంటో పార్క్.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1989 దాకా హంగరీ సోవియట్ ప్రాబల్యంలో ఉంది. ఆ రోజుల్లో కూడళ్ళలో నిలబెట్టిన లెనిన్‌ను, మార్క్స్, ఎంగెల్స్‌లను, ఎర్రసైన్యం సైనికులను తర్వాత ఏం చేయాలి? కరిగించి పారేద్దామన్నవాళ్ళూ ఉన్నారు, ఉన్నచోటే ఉండనిద్దామన్నవాళ్ళూ ఉన్నారు. నగరం వాటిని తీసి ఒకచోట చేర్చింది. ఆకోష్ ఎలియోడ్ అనే ఆర్కిటెక్ట్ గీసిన నమూనాతో 1993లో ఈ పార్కు తెరిచారు. ఆరుబయట 40కి పైగా విగ్రహాలున్నాయి.

వాటిలో నాకు బాగా నచ్చింది చేతులు చాచి, ఒక చేత్తో గుడ్డ పట్టుకుని, నోరు తెరిచి అరుస్తూ పరిగెత్తే భారీ కంచు నావికుడు. 1919లో అక్కడ కొద్ది నెలలు నడిచిన కార్మిక ప్రభుత్వానికి గుర్తుగా 1969లో పెట్టారట. ప్రజలను విప్లవానికి పిలుస్తున్నాడని పెట్టినవాళ్ళ ఉద్దేశం. ఊరి జనం మాత్రం, థియేటరులో కోట్లు భద్రపరిచే మనిషి "అయ్యా, మీ మఫ్లరు మర్చిపోయారు!" అంటూ వెంటపడుతున్నాడని నవ్వుకునేవారట. ఆ మాట విన్నాక ఇక నాకు విప్లవం కనపడలేదు, మఫ్లరే కనపడింది.

జెండా ఊపుతూ నిలబడ్డ ఇంకో సైనికుడు కెప్టెన్ ఓస్తాపెంకో. 1944 డిసెంబరులో, నగరంలో ఉన్న జర్మన్ సైన్యాన్ని లొంగిపొమ్మని అడగడానికి తెల్లజెండాతో వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్న సోవియట్ అధికారి. ఆయన విగ్రహం బలాతోన్ సరస్సు వైపు వెళ్ళే రోడ్డు మొదట్లో ఉండేది. దారిన పోయే కార్లను ఆపి ఎక్కే కుర్రకారుకు అది కలుసుకునే చోటు. ఆయన ఎవరో తెలియకపోయినా "ఓస్తాపెంకో దగ్గర ఉంటా" అనుకునేవారట.

గేటు ఎదురుగా ఎత్తైన ఇటుకల వేదిక మీద ఒక జత కంచు బూట్లు మాత్రమే ఉన్నాయి. నగరంలో 1951లో పెట్టిన ఎనిమిది మీటర్ల స్టాలిన్ విగ్రహాన్ని 1956 అక్టోబరు 23న తిరగబడ్డ జనం కూలదోస్తే, వేదిక మీద బూట్లే మిగిలాయి. ఆ కూడలిని జనం వెంటనే బూట్ల సెంటరు చేసేశారు. పార్కులో ఉన్నది 2006లో చేయించిన నమూనా.

ఆ బూట్ల ఫొటో మన వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఒకరు ఫోన్ చేసి "రాజకీయాలు మనకెందుకు మేడమ్" అన్నారు. ఇంకొకరు, "మా నాన్నగారు ఉంటే ఇది చూసి బాధపడేవారండీ. మాకు విశాలాంధ్ర షాపులో మాస్కోలో అచ్చైన తెలుగు బొమ్మల పుస్తకాలు కొనిపెట్టింది ఆయనే" అన్నారు. ఇద్దరి మాటా నాకు అర్థమైంది. తొమ్మిదో తరగతిలో రష్యా విప్లవం పాఠం ఉంది, కాబట్టి తప్పించుకునే వీలు కూడా లేదు. అసలు మన విజయవాడలో లెనిన్ సెంటరుకు వెళ్ళి పాత గైడు కొనుక్కోని వాళ్ళెవరు? బుడాపెస్ట్‌లో ఊరి చివరికి వెళ్ళిన పెద్దమనిషి ఇక్కడ ట్రాఫిక్ మధ్య, మన పిల్లలకు సగం ధరకు పుస్తకాలు దొరికే చోటుకు ఆనవాలుగా నిలబడ్డాడు.

పార్కులో ఒక లోటు కనిపించింది. విగ్రహాల కింద రాసింది మరీ తక్కువ. మా అమ్మాయి చెప్పకపోతే ఆ మఫ్లరు కథ నాకు తెలిసేది కాదు.

ఇక మన సంగతి. స్టేజీ వెనక స్టోరు గదిలో గోడకు మొహం తిప్పి ఒక గ్రానైట్ శిలాఫలకం ఉంది. మన పాత భవనానికి స్థలమిచ్చిన దాత పేరు దానిమీద ఉంది. కొత్త భవనం కట్టేటప్పుడు ఆ కుటుంబానికీ కమిటీకీ మాట తేడా వచ్చింది, ఫలకం లోపలికి వెళ్ళింది. అలా తిప్పి పెట్టించింది నేనే. ఇన్నేళ్ళూ దాని గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

దాన్ని వరండాలో పెడుతున్నాం. పక్కన అది ఏమిటో, ఎందుకు తీశామో తొమ్మిదో తరగతి పిల్లలు రాస్తారు. పాత భవనంలో చదివిన తాతయ్యలు, అమ్మమ్మలు మీ ఇళ్ళలో ఉంటే వాళ్ళకు గుర్తున్నది చెప్పి పంపండి. కమిటీ వైపు మాటా, దాత వైపు మాటా రెండూ రాయిస్తాను, నేను చేసిన పనితో సహా.

వచ్చే శనివారం మధ్యాహ్నం మూడింటికి రాయి కదిలిస్తాం. నలుగురు నాన్నలు సాయం రావాలి. చాలా బరువు, కాలి మీద పడితే కష్టం. చెప్పులు వద్దు, బూట్లేసుకుని రండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు