మార్చి క్లాసులు కాగానే వస్తాం

పిట్స్‌బర్గ్,
ఫిబ్రవరి 9

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. అల్లుడికీ ఆశీస్సులు చెప్పు. మీ అత్తగారికీ మామగారికీ మా నమస్కారాలు. బుజ్జిగాడికి తాతయ్య ముద్దులు.

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేదు. అటు బుజ్జిగాడు ఏడుస్తున్నాడు, నువ్వేమో లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నావు. హడావిడిలో చెప్పే మాట కాదని ఊరుకుని, ఇలా రాస్తున్నాను. మార్చి మొదటి వారంలో నీకు లీవు అయిపోతుంది, అప్పటికి మేమిద్దరం న్యూజెర్సీకి, మీ ఎడిసన్‌కి వచ్చేయాలన్నావు. వస్తాం తల్లీ. మనవడితో ఉండాలని మాకు మాత్రం ఉండదా? కాకపోతే ఏప్రిల్ రెండో వారంలో వస్తాం. మార్చి అంతా మా ఇద్దరికీ యూనివర్సిటీలో క్లాసులున్నాయి.

"టైంపాస్ క్లాసులే కదా నాన్నా, ఓ నెల మానేస్తే ఏమవుతుంది? కావాలంటే అవన్నీ యూట్యూబులో ఉంటాయి" అన్నావు. నాకు కోపం రాలేదు. దూరం నుంచి చూసేవాళ్ళకి అలాగే అనిపిస్తుంది. కానీ అది టైంపాస్ కాదని నీకు తెలియాలి, అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

ఇక్కడికి వచ్చిన కొత్తలో మా రోజులెలా గడిచేవో నువ్వు చూశావు. అన్నయ్యా వదినా పొద్దున్నే ఆఫీసులకి, పిల్లలు స్కూలుకి. సాయంత్రం దాకా ఇంట్లో మేమిద్దరమే. శనివారం పెన్‌హిల్స్ గుడికి ఎవరు తీసుకెళ్తారా అని వారమంతా ఎదురుచూడడం. గుళ్ళో కలిసే పెద్దవాళ్ళందరిదీ ఒకటే మాట: పిల్లలు బాగానే చూసుకుంటున్నారు, పొద్దే పోవడం లేదు. ఆ గుళ్ళోనే ఒకాయన, కాకినాడలో లెక్చరర్‌గా చేసి రిటైరైనాయన, ఈ క్లాసుల సంగతి చెప్పారు. ఆయనకి నేను రుణపడి ఉన్నాను.

ఇక్కడ పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో ఒకటి, పక్కనే కార్నెగీ మెలన్‌లో ఒకటి, ఆషర్ లైఫ్‌లాంగ్ లెర్నింగ్ ఇన్‌స్టిట్యూట్ అని రెండున్నాయి. బెర్నార్డ్ ఆషర్ అనే వ్యాపారి 1977లో పెట్టిన ఫౌండేషన్ డబ్బుతో నడిచేవి. 2001లో మెయిన్ అనే రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీకి మొదటి గ్రాంటు ఇచ్చారు, ఇప్పుడు దేశమంతటా సుమారు 125 యూనివర్సిటీల్లో ఉన్నాయి. 50 ఏళ్ళు దాటితే చాలు, ఏ డిగ్రీ ఉందని అడగరు. పరీక్షలు లేవు, మార్కులు లేవు, చివర్లో సర్టిఫికెట్టూ లేదు. పాఠం చెప్పేవాళ్ళలో ప్రొఫెసర్లుంటారు, రిటైరైన డాక్టర్లు, లాయర్లు, సంగీతం టీచర్లు ఉంటారు. మనలాంటి సభ్యులు కూడా చెప్పొచ్చు. ఈ ఆలోచన ఆషర్‌ది కూడా కాదట. 1962లోనే న్యూయార్క్‌లో రిటైరైన స్కూలు టీచర్లు కొందరు న్యూస్కూల్ అనే కాలేజీలో తమ క్లాసులు తామే మొదలుపెట్టుకున్నారు. ఫ్రాన్స్‌లో టూలూజ్ యూనివర్సిటీ 1973లో పెద్దవాళ్ళ కోసం తలుపులు తెరిచింది. ఎవరో జాలిపడి పెడితే వచ్చింది కాదు, మాకు ఇంకా తెలుసుకోవాలని ఉంది అని పెద్దవాళ్ళు అడిగితే వచ్చింది. ఆ సంగతి నాకు చాలా నచ్చింది.

నేను తీసుకున్న కోర్సు ఇక్కడి మొనాంగహీలా నది లోయ ఉక్కు చరిత్ర. ప్రతి గురువారం, మార్చి చివరిదాకా. నీకు గుర్తుందా, అన్నయ్య మనల్ని షాపింగుకి తీసుకెళ్ళిన వాటర్‌ఫ్రంట్, నది ఒడ్డున వరసగా నిలబడ్డ పాత ఇటుక చిమ్నీలు? అవేమిటని అడిగావు, అప్పుడు ఎవరికీ తెలియలేదు. అది హోమ్‌స్టెడ్ స్టీల్ ప్లాంటు ఉన్న చోటు. ఆండ్రూ కార్నెగీ కంపెనీ అక్కడ యూనియన్‌ని దెబ్బతీయడానికి 1892 జూలై 6న పింకర్టన్ అనే ప్రైవేటు ఏజెన్సీ గార్డుల్ని పడవల మీద దింపింది. ఒడ్డున కార్మికులు అడ్డుకున్నారు, రెండు వైపులా ప్రాణాలు పోయాయి. ఆ ప్లాంటు 1986లో మూతపడింది. పార్కింగు లాట్‌లో కారు దిగి కాఫీ తాగేవాళ్ళం కదా, ఆ నేల కింద అంత కథ ఉంది.

ఆ క్లాసులో నేను మొదట మాట్లాడలేదు. రెండో వారం క్యారీ ఫర్నేసుల గురించి చెప్పారు. హోమ్‌స్టెడ్‌కి ఎదురు ఒడ్డున ఉండేవి అవి. ఖనిజం కరిగించి ఇనుము తీసి, ఆ కరిగిన ఇనుముని రైలు వంతెన మీదుగా నది దాటించి హోమ్‌స్టెడ్‌కి పంపేవారు. అందులో ఆరు, ఏడు నంబర్లు ఇంకా నిలబడే ఉన్నాయి. 92 అడుగుల ఎత్తు, 1907 నాటివి. విశాఖ స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పనిచేసినవాణ్ణి కదా, ఫోటో తెర మీద పడగానే కరిగిన ఇనుము బయటికొచ్చే కాస్ట్ హౌస్ ఎక్కడ, అది కారే రంధ్రం ట్యాప్ హోల్ ఎక్కడ, స్లాగ్ అనే చిట్టెం ఏ వైపు పోతుంది, అన్నీ నాకు కళ్ళకి కట్టాయి. టీచరమ్మ ఒక మిషన్ చూపించి ఇదేమిటో తెలుసా అని అడిగింది. నేనూ, నా పక్కన కూర్చునే పెద్దాయనా ఒకేసారి "మడ్ గన్" అన్నాం. ఇనుము బయటికి వదలడం అయ్యాక ఆ రంధ్రాన్ని బంకమట్టితో మూసేది అదే. ఆయన హోమ్‌స్టెడ్‌లో ప్లేటు మిల్లులో చేశాడట, వాళ్ళ అన్న క్యారీలో చేశాడట. తరువాత నా ముంజేతి మీద మచ్చ చూసి, అడగకుండానే తన చొక్కా చెయ్యి పైకి మడిచి తన మచ్చ చూపించాడు. నీ చిన్నప్పుడు నా మచ్చ మీద వేలు పెట్టి అడిగేదానివి, ఇది గోదావరి కాల్చిందా, కృష్ణ కాల్చిందా అని. ఆయనకీ అదే చెప్పాను, మా మొదటి రెండు ఫర్నేసులకి నదుల పేర్లు పెట్టారని, మూడోదాని పేరు అన్నపూర్ణ అని. ఆయన ఆ పేర్లు నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

అక్కడి నుంచి టీచరమ్మ వదల్లేదు. మార్చి చివరి గురువారం క్లాసు మీరు తీసుకోండి, విశాఖపట్నం గురించి చెప్పండి అంది. ఒప్పుకున్నాను. పేపర్లు చదువుతున్నాను, లెక్కలు సరిచూసుకుంటున్నాను. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని ఊళ్ళకి ఊళ్ళు కదలడం, పోలీసు కాల్పుల్లో మనవాళ్ళు చనిపోవడం, 1992లో పి.వి. నరసింహారావు గారు ప్లాంటుని జాతికి అంకితం చెయ్యడం, 3,200 క్యూబిక్ మీటర్ల ఫర్నేసు అంటే దాని ముందు నిలబడితే ఎలా ఉంటుందో, ఇవన్నీ చెప్పాలి. 2021లో కేంద్రం ప్లాంటుని అమ్ముతామన్నప్పుడు ప్లాంటు వాళ్ళుండే ఉక్కునగరంలో ప్రతి ఇంట్లో టెన్షన్ ఎలా ఉండేదో కూడా చెప్తాను. మిల్లు పోతే ఊరేమవుతుందో ఈ లోయ వాళ్ళకి వివరించి చెప్పక్కర్లేదు. ఇంకొకటి కూడా ఉంది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో పాతకాలంలో మూసల్లో వండిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. కార్నెగీకి ఎన్నో తరాల ముందు మనవాళ్ళకి ఆ విద్య తెలుసునని చెప్పకుండా నా క్లాసు ముగియదు.

ఇది యూట్యూబులో దొరకదు తల్లీ. వీడియో నన్ను ప్రశ్న అడగదు. నాకు తెలిసింది ఇంకొకరికి అవసరమని అనదు. రిటైరైన రోజు గేటు దగ్గర ఐడీ కార్డు ఇచ్చేసి వచ్చాక, నా పని గురించి నన్ను ఇంత శ్రద్ధగా అడిగినవాళ్ళు లేరు. నువ్వూ అన్నయ్యా ప్రేమ తక్కువ చేశారని కాదు. మీరు నా ఆరోగ్యం అడుగుతారు, మందులు అడుగుతారు. ఆ గదిలో వాళ్ళు బ్లాస్ట్ ఫర్నేసు గురించి అడుగుతారు. నాకు రెండూ కావాలి.

ఇక మీ అమ్మ సంగతి. ఆవిడది సోమవారం, జ్ఞాపకాలు రాసే క్లాసు. ఇంటరుతో చదువు ఆపి పెళ్ళి చేసేశారని తను ఎప్పుడూ పైకి అనలేదు గానీ, యూనివర్సిటీ మెట్లెక్కిన రోజు ఆవిడ ముఖం నువ్వు చూసి ఉండాల్సింది. ముందు తెలుగులో రాస్తుంది, తరువాత మనవరాలి సాయంతో ఇంగ్లీషులో పెడుతుంది. మొదటిసారి భీమాలిలో వాళ్ళ అమ్మమ్మ మామిడి తాండ్ర పోసే పని గురించి రాసింది. చాప మీద రసం పల్చగా పరవడం, ఆ పొర ఎండాక మీద ఇంకో పొర, ఆకాశంలో మబ్బు కనిపిస్తే ఇంటిల్లిపాదీ చాపలు పట్టుకుని లోపలికి పరిగెత్తడం. చదివేటప్పుడు గొంతు వణికిందట. చదవడం ముగిశాక క్లాసంతా ప్రశ్నలే. ఎన్ని రోజులు పడుతుంది, చీమలు పట్టవా, పిల్లలకి కొసలు తినడానికి ఇచ్చేవారా! ఇంటికొచ్చి ఆ రాత్రి రెండోది మొదలుపెట్టింది. ఇప్పుడు నాగావళి వరదల మీద రాస్తోంది. పూర్తయ్యేదాకా నాకు చూపించనంటోంది.

వెళ్ళిరావడం కష్టమేమో అని నువ్వు కంగారుపడుతుంటావు. కష్టమేం లేదు. ఇంటి దగ్గర 61 నంబరు బస్సెక్కితే నేరుగా యూనివర్సిటీ దగ్గర దిగుతాం. 65 దాటినవాళ్ళకి ఈ రాష్ట్రంలో సిటీ బస్సు ఉచితం, లాటరీ ఆదాయంతో ఆ ఖర్చు పెట్టుకుంటారు. అన్నయ్యని కారు అడగక్కర్లేదు. అది మీ అమ్మకి ఎంత పెద్ద విషయమో ఆవిడనే అడుగు.

అక్కడ 42 అంతస్తుల రాతి భవనం ఒకటుంది, కెథీడ్రల్ ఆఫ్ లెర్నింగ్ అంటారు. 1926లో పని మొదలైంది. మన ఆంధ్రా యూనివర్సిటీ పుట్టిందీ అదే ఏడు. కట్టడానికి డబ్బు చాలనప్పుడు ఇక్కడి స్కూలు పిల్లలు తలా పది సెంట్లు తెచ్చి ఒక్కో ఇటుక కొన్నారట. ఆ డబ్బు తామెలా సంపాదించారో ఉత్తరం రాసి మరీ ఇచ్చారట, 97,000 మంది పిల్లలు! లోపల ఒక్కో దేశం పేరున ఒక్కో తరగతి గది ఉంది. భారతదేశం గది 2000లో తెరిచారు, నలందా విహారం పద్ధతిలో ఎర్ర ఇటుకలతో. అద్దాల వెనక పెట్టిన బొమ్మ కాదు, పిల్లలు నిజంగా అందులో కూర్చుని పాఠాలు వింటారు. మీ అమ్మ ఆ ఇటుకల్ని చేత్తో తడుముతూ చాలాసేపు ఉండిపోయింది.

ఇవన్నీ చూసినప్పుడు నాకు విశాఖే గుర్తొస్తుంది. స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు, పోర్టు, నేవీ, రైల్వే, వీటన్నిటిలో పనిచేసి రిటైరైనవాళ్ళు ఆ ఊళ్ళో ఎంతమంది! పొద్దున్న బీచి రోడ్డు మీద నడిచి, పేపరు చదివి, పదింటికల్లా రోజు అయిపోయిందనుకునేవాళ్ళు. అక్కడే కొండ మీద అంత పెద్ద యూనివర్సిటీ ఉంది. సాయంత్రాలు నాలుగు గదులు తెరిచి ఇలాంటి క్లాసులు పెడితే, చెప్పేవాళ్ళూ వినేవాళ్ళూ ఆ ఊళ్ళోనే దొరుకుతారు. హైదరాబాదులో 1982లోనే దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ పెట్టుకున్నవాళ్ళం, ఇది మనకి చేతకాని పని కాదు. నా స్నేహితులిద్దరికి ఇప్పటికే రాశాను. వేసవిలో ఊరెళ్ళినప్పుడు యూనివర్సిటీ వాళ్ళని కలవాలని అనుకుంటున్నాం.

ఇంకో సంగతి, అన్నయ్యకి కూడా ఇంకా చెప్పలేదు. సభ్యులు డిగ్రీ పిల్లల క్లాసుల్లో కొన్నింటికి వెళ్ళి కూర్చుని వినొచ్చు. వచ్చే ఫాల్ సెమిస్టర్‌లో జియాలజీ క్లాసుకి వెళ్దామనుకుంటున్నాను. ఉద్యోగం చేసినంతకాలం బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం కరిగించాను. ఆ ఖనిజం అక్కడి కొండల్లోకి ఎలా వచ్చిందో, ఇక్కడి ఫర్నేసులకి వచ్చిన మినెసోటా ఖనిజం కూడా అలాగే పుట్టిందో లేదో నాకు తెలుసుకోవాలని ఉంది. డిప్లొమాతో ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఉన్న కోరిక ఇది.

ఇప్పుడు మార్చి సంగతి చూద్దాం. మీ అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, రోజంతా పసివాణ్ణి ఎత్తుకుని తిరగలేరు, నాకు తెలుసు. ఆ నెలకి డేకేర్‌లో సగం రోజు పెట్టు. ఆ ఫీజు నేను కడతాను, వద్దనకు. వాడికి జ్వరమో, నీకు ఆఫీసులో తప్పని పనో వస్తే ఫోన్ చెయ్యి, ఏ క్లాసున్నా సరే మీ అమ్మ వెంటనే బయల్దేరుతుంది. ఆవిడ తనే ఈ మాట రాయమంది.

మీ మామగారు రోజంతా టీవీ ముందు కూర్చుంటున్నారని బాధపడ్డావు కదా. మీ ఊరికి దగ్గర్లోనే రట్గర్స్ యూనివర్సిటీలోనూ ఈ ఆషర్ క్లాసులున్నాయి, కొన్ని ఆన్‌లైన్‌లో కూడా చెప్తారు. స్ప్రింగ్ కోర్సుల లిస్టు ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టు. చరిత్ర అంటే ఆయనకిష్టం. నువ్వు చెప్తే కోడలు పంపించేస్తోందని అనుకోవచ్చు, అందుకని ఆదివారం నేనే ఆయనకి ఫోన్ చేసి మాట్లాడతాను.

ఏప్రిల్ రెండో శనివారానికి పెన్సిల్వేనియన్ రైలుకి టికెట్లు చూడమని అన్నయ్యకి చెప్పాను. పొద్దున్న ఇక్కడ ఎక్కితే సాయంత్రానికి న్యూవార్క్‌లో దిగుతాం. అల్లుణ్ణి స్టేషనుకి రమ్మను. మీ అమ్మ ఆవకాయ జాడీ తెస్తోంది, సామాను బరువుగా ఉంటుంది.

ప్రేమతో,
నాన్న