పొలాల మట్టితో ఇళ్లెందుకు?

సంపాదకుడికి,

మా నెల్లూరు చుట్టుపక్కల ఎవరు ఇల్లు మొదలుపెట్టినా ముందుగా దిగేది ఎర్ర ఇటుకల లోడే. అందుకు పోతున్నది పొలాల పైమట్టి. మొలగొలుకులు పండించి పేరు తెచ్చుకున్న సీమ ఇది. అప్పుల్లో ఉన్న రైతు మట్టి అమ్ముకుంటే ఒక్కసారి డబ్బు చేతికొస్తుంది. ఆ తర్వాత పొలం పల్లమై నీరు నిలుస్తుంది, సారం లేని అడుగు మట్టి మిగులుతుంది. ఇది చూస్తూ ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

ఇదే జిల్లాలో, కృష్ణపట్నం దగ్గర నేలటూరులో, బొగ్గుతో నడిచే దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రానికి 800 మెగావాట్ల యూనిట్లు మూడు ఉన్నాయి. మన దేశపు బొగ్గు టన్ను కాలిస్తే మూడు, నాలుగు వందల కిలోల బూడిద మిగులుతుంది. అందులో రాతిపొడి, కొంత సిమెంటో, సున్నం జిప్సమో కలిపి యంత్రంతో నొక్కితే ఇటుక తయారు. బట్టీ అక్కరలేదు, ఊక, కట్టెలు కాల్చే పనీ లేదు. రాతిపొడి కోసమూ దూరం వెళ్లనక్కరలేదు. పొరుగున ప్రకాశం జిల్లా చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ క్వారీల పక్కన వృథా రాయి గుట్టలుగా పడి ఉంది.

బూడిద వాడకంపై కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తర్వులు 1999 నుంచీ ఉన్నాయి. 2021 డిసెంబరు 31 నాటి నోటిఫికేషన్ ప్రకారం, బొగ్గు విద్యుత్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు జరిగే ప్రభుత్వ, ప్రైవేటు నిర్మాణాలు, మామూలు ఇటుకల కంటే ధర మించకుండా దొరికితే, బూడిద ఉత్పత్తులనే వాడాలి. మా రెండు జిల్లాలూ ఆ పరిధిలోనివే. ఇంటి ప్లాను మంజూరు చేసేటప్పుడు ఈ సంగతి అడిగేవారేరి?

బూడిద ఇటుక గోడ బీటలిస్తుందని మేస్త్రీలు అంటారు. ఆ మాట కొట్టిపారేసేది కాదు. గట్టిపడేలా చాలినంత తడపకుండానే లారీకెక్కించిన ఇటుకను గోరుతో గీరితే పొడి రాలుతుంది, చేత్తో పట్టుకుంటే అంచు విరుగుతుంది. రెండు వారాలైనా బాగా తడిపిన ఇటుకలు రెంటిని ఒకదానితో ఒకటి తట్టి చూడండి, ఖంగుమంటాయి. పనితనంలోనూ కొంత ఉంది. ఇటుకలన్నీ ఒకే కొలతలో ఉంటాయి కాబట్టి సందుల్లో మాలు, పైన పూత పలచగా సరిపోతాయి. పాత అలవాటు కొద్దీ సిమెంటు ఎక్కువ కలిపి మందంగా పూస్తే బీటలు రాక మానవు. ఇది మేస్త్రీలకు కూర్చోబెట్టి నేర్పాల్సిన పని; వాళ్లను తప్పుపట్టి లాభం లేదు.

ప్రభుత్వ గృహ నిర్మాణ కాలనీల్లోనైనా ముందు ఈ నిబంధన గట్టిగా అమలు చేయాలని కలెక్టర్లను కోరుతున్నాను. ప్రతి లోడుతోపాటు ఇటుక పోసిన తేదీ, బలం పరీక్షించిన నివేదిక ఇవ్వాలి. సొంతంగా కట్టుకునేవారు నాలుగు ఇటుకలు తీసుకెళ్తే ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలల ప్రయోగశాలల్లో కొద్దిపాటి రుసుముతో పరీక్షించి చెప్పే ఏర్పాటు చేయాలి. వచ్చే వేసవిలో పొలాల్లోకి మళ్లీ పొక్లెయిన్లు దిగకముందే ఇవి జరగాలి.

ఒక పాఠకుడు,
కోవూరు, నెల్లూరు జిల్లా